పాత విడిభాగాలతో సిలిండర్ హెడ్: ఏది ఉంచుకోవాలి, ఏది తెచ్చుకోవాలి, ఏది కొత్తది కొనాలి

హెడ్ విప్పి బల్ల మీద పెట్టాక మన ముందు కొన్ని దారులు ఉంటాయి. మన హెడ్‌నే ఉంచుకుని, పాడైన భాగాల వరకు స్క్రాప్ బండ్ల నుంచి తెచ్చి వేయొచ్చు. స్క్రాప్ బండి నుంచి పూర్తి హెడ్ తెచ్చి, విప్పి, బాగుచేసి బిగించొచ్చు. అదే హెడ్‌ను విప్పకుండా గ్యాస్కెట్ మాత్రం మార్చి ఎక్కించేయొచ్చు. రెండు హెడ్‌ల నుంచి మంచివి ఏరి ఒకటి తయారు చేసుకోవచ్చు. ఇవేవీ వద్దనుకుంటే కొత్త ఖాళీ హెడ్ కొని, మన వాల్వ్‌లు, స్ప్రింగ్‌లు అందులోకి మార్చుకోవచ్చు.

నా మాట ముందే చెప్పేస్తాను. మీ హెడ్‌కు పగులు లేకపోతే, అది వేడికి మెత్తబడకపోతే, దాన్ని వదులుకోవద్దు. అది పనికిరాదని తేలితే, ప్రమాదంలో దెబ్బతిని స్క్రాప్‌కు వెళ్లిన బండి నుంచి క్యామ్‌షాఫ్ట్, క్యాప్‌లు, వాల్వ్‌లతో సహా పూర్తి హెడ్ తీసుకోండి. తెచ్చాక తప్పకుండా విప్పి చూడండి. రెండు హెడ్‌ల భాగాలు కలపడం చివరి దారి. ఎందుకంటే పాత హెడ్ కొన్నప్పుడు మనం నిజంగా కొంటున్నది ఆ పోతనే, అంటే అచ్చులో పోసిన ఆ లోహపు దిమ్మనే. కదిలే భాగాలు అరుగుతాయి, సీళ్లు గట్టిపడతాయి, బోల్టులు సాగుతాయి. అవన్నీ మార్చుకోగలిగినవే. పోత పగిలినా, మెత్తబడినా ఎన్ని కొత్త భాగాలు వేసినా ఆ ఇంజిన్ నిలబడదు.

ముందు మీ హెడ్ సంగతి తేల్చుకోండి

చాలామంది హెడ్ విప్పగానే ఫేసింగ్‌కు, అంటే కింది తలాన్ని సన్నగా కోసి తిన్నగా చేయించడానికి ఇచ్చేస్తారు. అద్దంలా మెరుస్తూ తిరిగొచ్చిన హెడ్‌లో ఆ తర్వాత పగులు బయటపడితే ఫేసింగ్‌కు పెట్టిన డబ్బంతా పోయినట్టే. అందుకే వరస ముఖ్యం: శుభ్రం చేయడం, పగులు చూడటం, గట్టిదనం కొలవడం, వంపు కొలవడం. ఈ నాలుగూ తేలాకే వాల్వ్ సీట్ల (వాల్వ్ తల ఆనే రింగులు) మీద, గైడ్‌ల (వాల్వ్ కాడ, అంటే స్టెమ్, ఆడే గొట్టాలు) మీద, ఫేసింగ్ మీద ఖర్చు పెట్టాలి.

శుభ్రం చేయడంలోనే ఒక ప్రమాదం ఉంది. క్యాస్ట్ ఐరన్ హెడ్‌ను వేడి కాస్టిక్ సోడా తొట్టిలో ముంచొచ్చు. అల్యూమినియం హెడ్‌ను అందులో ముంచితే లోహాన్నే తినేస్తుంది. లేత్ షాపులో ఇచ్చేటప్పుడు హెడ్ ఏ లోహమో మీరే చెప్పండి. పాత గ్యాస్కెట్ ముక్కలు గీకడానికి డ్రిల్‌కు బిగించే గరుకు డిస్కులు కూడా వాడొద్దు. అవి మెత్తటి అల్యూమినియంలో కనపడని గుంటలు పెడతాయి. పైగా వాటి నుంచి రాలిన పొడి ఆయిల్‌లో చేరితే క్రాంక్ బేరింగ్‌లను అరగదీస్తుంది. ప్లాస్టిక్ గీకుడు పనిముట్టు, గ్యాస్కెట్ కరిగించే ద్రావకం, కాస్త ఓపిక ఉంటే చాలు.

పగుళ్లు ఎక్కడ పడితే అక్కడ రావు. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ సీట్ల మధ్యనున్న సన్నటి గోడ, ఎగ్జాస్ట్ సీటు నుంచి స్పార్క్ ప్లగ్ రంధ్రం దాకా ఉన్న చోటు, ప్రీ ఛాంబర్ (మంట మొదలయ్యే చిన్న గది) ఉన్న పాత డీజిల్ ఇంజిన్లలో ఆ ఛాంబర్ నోటి చుట్టూ ముందు చూడాలి. క్యాస్ట్ ఐరన్ అయితే అయస్కాంత పొడితో పరీక్షిస్తారు. అల్యూమినియానికి అయస్కాంతం పనిచేయదు కాబట్టి ఎర్ర డై చల్లి, తుడిచి, మీద తెల్ల డెవలపర్ కొడతారు. పగులు ఉంటే సన్నటి ఎర్ర గీత పైకి తేలుతుంది. అయితే డై పైపైన ఉన్న పగుళ్లనే చూపిస్తుంది. వాటర్ జాకెట్‌లోంచి (హెడ్ లోపలి నీళ్ల దారి) పోర్ట్‌లోకి (గాలి, పొగ వెళ్లే దారి) తెరుచుకున్న పగులు కోసం ప్రెషర్ టెస్ట్ చేయించాల్సిందే. నీళ్ల దారులన్నీ మూసి, లోపలికి గాలి ఎక్కించి, వేడి నీళ్ల తొట్టిలో ముంచుతారు. చల్లటి నీళ్లలో చేసిన పరీక్షను నేను పూర్తిగా నమ్మను. చల్లగా ఉన్నప్పుడు మూసుకుని, వేడెక్కితే తెరుచుకునే పగుళ్లు ఉంటాయి. ఇంజిన్ వేడెక్కాకే కూలెంట్ తగ్గుతోందంటే అలాంటి పగులునే అనుమానించాలి.

గట్టిదనం పరీక్షను దాదాపు ఎవరూ అడగరు. నా దృష్టిలో అల్యూమినియం హెడ్‌కు ఇది ప్రెషర్ టెస్ట్‌తో సమానం. ఈ హెడ్‌లను పోత పోశాక వేడిచేసి, చల్లార్చి గట్టిపరుస్తారు. ఇంజిన్ విపరీతంగా హీటెక్కితే ఆ గట్టిదనం పోతుంది. చూపుకు హెడ్ మామూలుగానే ఉంటుంది, ఫేసింగ్ కూడా చక్కగా వస్తుంది. బిగించి నడిపాక గ్యాస్కెట్ అంచు దగ్గర లోహం అణిగిపోయి, కొన్నాళ్లకే గ్యాస్కెట్ మళ్లీ పోతుంది. గ్యాస్కెట్ మంచిది కాదని, మెకానిక్ సరిగ్గా బిగించలేదని గొడవలు పడతారు. అసలు కారణం హెడ్ మెత్తబడటం. ఆరోగ్యంగా ఉన్న అల్యూమినియం హెడ్ బ్రినెల్ కొలతలో సాధారణంగా 70 నుంచి 90 మధ్య ఉంటుంది. 60 దరిదాపుల్లోకి దిగిన హెడ్ ఉచితంగా ఇచ్చినా నేను తీసుకోను. సిలిండర్ల మధ్య భాగంలో రెండు మూడు చోట్ల కొలిపించండి. మొదట మెత్తబడేది అక్కడే.

ఇక వంపు. స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి, కింద ఫీలర్ గేజ్ దూర్చి, పొడవునా, అడ్డంగా, రెండు మూలల గుండా చూడాలి. చాలా నాలుగు సిలిండర్ల హెడ్‌లకు 0.05 మి.మీ. దాకా పర్వాలేదంటారు, 0.1 మి.మీ. దాటితే పని చేయించాలి. మీ ఇంజిన్ మాన్యువల్ ఏం చెబితే అదే చివరి మాట.

అసలు హెడ్ ఎందుకు వంగుతుంది? అల్యూమినియం ఒక్కో డిగ్రీ వేడికి మీటరుకు సుమారు 23 మైక్రాన్లు సాగుతుంది. క్యాస్ట్ ఐరన్ అందులో సగం, సుమారు 11 మైక్రాన్లే. 450 మి.మీ. పొడవున్న హెడ్ 80 డిగ్రీలు వేడెక్కితే అల్యూమినియం 0.83 మి.మీ. సాగుతుంది, కింద ఐరన్ బ్లాక్ 0.4 మి.మీ. మాత్రమే సాగుతుంది. మామూలు వేడికే ఈ తేడా ఉంటుంది. దీన్ని తట్టుకునేలానే గ్యాస్కెట్‌ను, బోల్టులను తయారు చేస్తారు. ఇంజిన్ ఇంకా హీటెక్కితే బోల్టులు బిగించి పట్టుకున్న హెడ్‌కు సాగే చోటు లేక మధ్యలో పైకి ఉబ్బుతుంది.

ఇక్కడే ఓవర్‌హెడ్ క్యామ్ ఇంజిన్లలో, అంటే వాల్వ్‌లు తెరిచే క్యామ్‌షాఫ్ట్ హెడ్ మీదే ఉండే ఇంజిన్లలో, చాలామంది దెబ్బతింటారు. హెడ్ అరటిపండులా వంగినప్పుడు కింది తలం ఒక్కటే వంగదు, పైన క్యామ్‌షాఫ్ట్ తిరిగే రంధ్రాల వరస కూడా అదే వంపు తిరుగుతుంది. కింద ఫేసింగ్ చేస్తే కింది తలం తిన్నగా అవుతుంది, పై వరస వంకరగానే ఉండిపోతుంది. క్యామ్‌షాఫ్ట్ బిగుసుకుని మధ్య జర్నల్ (షాఫ్ట్ ఆని తిరిగే నునుపు భాగం) కాలిపోతుంది, లేదా షాఫ్టే విరుగుతుంది. పరీక్ష చాలా సులభం. టాపెట్లు (క్యామ్‌కు, వాల్వ్‌కు మధ్య ఉండే ముక్కలు) తీసేసి, క్యామ్ పెట్టి, క్యాప్‌లు సరైన టార్క్‌తో బిగించి చేత్తో తిప్పండి. ఎక్కడా పట్టకుండా తిరగాలి. పట్టేస్తే హెడ్‌ను మందపాటి ప్లేటుకు కట్టి, ఓవెన్‌లో వేడిచేసి తిన్నగా చేసే షాపుకు ఇవ్వాలి, ఆ తర్వాతే ఫేసింగ్. అలాంటి షాపు అందుబాటులో లేకపోతే మీ హెడ్‌ను వదిలేసి వేరేది వెతకడం మేలు.

ఇవన్నీ దాటితే మీ హెడ్ మంచిదే. వాల్వ్‌లు వంగినా, గైడ్‌లు అరిగినా, ప్లగ్ మర పోయినా భయపడక్కర్లేదు. మర పోయిన ప్లగ్ రంధ్రానికి స్టీల్ మర తొడుగు వేస్తే అసలు కంటే గట్టిగా ఉంటుంది. సీటు వదులైతే, పగిలితే కొత్త సీటు దించొచ్చు. ఇవి లేత్ షాపులకు రోజూ ఉండే పనులే.

స్క్రాప్ బండి హెడ్: ఆ బండి ఎలా ఆగిపోయింది?

పూర్తి హెడ్ తేవాలనుకుంటే బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్నది రెండో ప్రశ్న. స్క్రాప్‌కు ఎందుకు వచ్చిందన్నది మొదటి ప్రశ్న. వెనక నుంచి గుద్దుకుని స్క్రాప్‌కు వచ్చిన బండి ఆ రోజు వరకు పరుగెత్తింది కాబట్టి దాని హెడ్ మీద నమ్మకం పెట్టొచ్చు. ముందు నుంచి గుద్దుకుంటే కాస్త జాగ్రత్త. రేడియేటర్ పగిలాక ఇంజిన్ ఆపకుండా కాసేపు నడిచి ఉంటే హెడ్ అప్పుడే పాడై ఉంటుంది. బాడీ అంతా బాగుండి, ముందు అద్దం, సీట్లు శుభ్రంగా ఉండి, ఇంజిన్ మాత్రం సగం విప్పి ఉన్న బండిని వదిలేయండి. అది ఇంజిన్ పోయి వచ్చిన బండి. టైమింగ్ బెల్ట్ తెగిన బండి మధ్యరకం. వాల్వ్‌లు వంగి ఉంటాయి, గైడ్‌లు కొన్ని చిట్లి ఉంటాయి, పోత మాత్రం తరచూ బాగానే ఉంటుంది. మీ దగ్గర మంచి వాల్వ్‌లు ఉంటే అలాంటి హెడ్ తీసుకోవచ్చు.

హెడ్ ఇంకా ఇంజిన్ మీదే ఉంటే అదృష్టమే. బ్యాటరీ పెట్టి తిప్పగలిగితే కంప్రెషన్ చూడండి. సిలిండర్ల మధ్య తేడా 10 నుంచి 15 శాతం లోపు ఉంటే మంచి సూచన. తిప్పే వీలు లేకపోయినా చూడాల్సినవి చాలా ఉన్నాయి. రేడియేటర్‌లో తుప్పు రంగు నీళ్లుంటే కూలెంట్ ఎప్పుడూ మార్చలేదన్నమాట, నీళ్ల రంధ్రాల చుట్టూ అల్యూమినియం తినేసి ఉంటుంది. ఆయిల్ మూత కింద మీగడ లాంటి తెల్లటి పదార్థం ఉంటే ఆయిల్‌లో నీరు కలిసి ఉండొచ్చు. చల్లటి వాతావరణంలో దగ్గరి దూరాలే తిరిగిన బండికీ మూత కింద అది పేరుకుంటుంది. అందుకే డిప్‌స్టిక్ కూడా తీసి చూడండి. హెడ్ అంచుల చుట్టూ సిలికాన్ గ్యాస్కెట్ పేస్ట్ బయటకు కారి ఉంటే, బోల్టు తలలకు రెంచ్ గాట్లుంటే ఆ హెడ్ ఇదివరకే విప్పి బిగించినది. కొన్ని షాపులు బాగుచేసిన హెడ్‌కు చిన్న గుండ్రటి హీట్ ట్యాబ్ అతికిస్తాయి. సుమారు 125 డిగ్రీల దగ్గర దాని మధ్య భాగం కరిగిపోతుంది. అలా మధ్యలో ఖాళీగా ఉన్న ట్యాబ్ కనిపిస్తే ఇక ఏమీ అడగక్కర్లేదు, ఆ హెడ్ విపరీతంగా హీటెక్కింది.

హెడ్ విప్పాక అడుగు భాగం చదవండి. నాలుగు ఛాంబర్లలో మూడు నల్లగా ఉండి ఒకటి ఆవిరితో కడిగినట్టు శుభ్రంగా ఉంటే, ఆ సిలిండర్‌లోకి కూలెంట్ వెళ్తోంది. పక్కపక్క రెండు ఛాంబర్ల మధ్య గ్యాస్కెట్ గుర్తు మీదుగా నల్లటి చార ఉంటే అక్కడ మంట దూరింది. ఆ చోట లోహం కోసుకుపోయి గాడి పడిందేమో గోరుతో తడిమి చూడండి.

విప్పే పద్ధతి కూడా హెడ్‌ను పాడుచేస్తుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, చివరి బోల్టుల నుంచి మధ్యకు, కొంచెం కొంచెంగా విడతలవారీగా వదులు చేయాలి. విడిభాగాలు అమ్మేచోట ఇలా విప్పుతారని అనుకోవద్దు, వీలైతే దగ్గరుండి విప్పించండి. క్యామ్‌షాఫ్ట్ బిగించి ఉన్న హెడ్‌లో కొన్ని వాల్వ్‌లు తెరుచుకుని కిందికి పొడుచుకుని ఉంటాయి. దాన్ని నేరుగా నేల మీద దించితే మంచి వాల్వ్‌లు అక్కడే వంగుతాయి. రెండు వైపులా చెక్క దిమ్మలు పెట్టి దించండి.

ఈ హెడ్ మీ బ్లాక్‌కు నిజంగా సరిపోతుందా అన్నది ఇంకో సంగతి. ఒకే పేరు, ఒకే సీసీ ఉన్న ఇంజిన్లకు కూడా ఏళ్లు మారేకొద్దీ ఛాంబర్ ఘనపరిమాణం, పోర్ట్‌ల ఆకారం, ఆయిల్ రంధ్రం ఉన్న చోటు, సెన్సర్ మరలు మారుతుంటాయి. పోతలో తేలిన కాస్టింగ్ నంబర్ రెండింటిలోనూ ఒకటే అయితే చాలావరకు నిశ్చింత. వేరైతే కొత్త హెడ్ గ్యాస్కెట్‌ను రెండు హెడ్‌ల మీదా పెట్టి ప్రతి రంధ్రం చూడండి. ముఖ్యంగా ఆయిల్ పైకెక్కే రంధ్రం. అది మూసుకుపోతే క్యామ్‌షాఫ్ట్ ఎండిపోతుంది. బోల్టులు, రంధ్రాలు కలిసినా ఛాంబర్ చిన్నదైతే కంప్రెషన్ పెరిగి నాకింగ్ (ఇంధనం తప్పుగా మండి ఇంజిన్ టకటకమనడం) వస్తుంది. ఛాంబర్‌లో ద్రవం పోసి ఎన్ని సీసీలు పట్టిందో కొలవడం పెద్ద పనేమీ కాదు. ఒక పారదర్శక ప్లాస్టిక్ పలక, ఒక సిరంజి చాలు.

విప్పకుండా ఎక్కించేయొచ్చా?

తొందర ఉన్నవాళ్లు దీన్నే అడుగుతారు. బండి ఇంకో ఏడాది నడిస్తే చాలు, తర్వాత అమ్మేస్తాం అనుకునేవాళ్లకు, నడుస్తుండగా కంప్రెషన్ చూసి తీసిన హెడ్ దొరికితే ఇది తప్పు దారి కాదు. అప్పుడు కూడా వంపు చూడటం, ప్రెషర్ టెస్ట్ చేయించడం, కొత్త గ్యాస్కెట్ వేయడం తప్పవు. వాల్వ్ స్టెమ్ సీళ్లు కూడా మార్చేయండి. ఇంజిన్ మీద ఎక్కించాక అవి మార్చడం ఎంత యాతనో ఒకసారి చేసినవాళ్లకు తెలుసు. విడిగా ఉన్నప్పుడు అది గంట రెండు గంటల పని.

వాల్వ్‌లు తీయకుండానే వాటి సీలింగ్ తెలుసుకోవచ్చు. క్యామ్ తీసి, హెడ్ పక్కకు తిప్పి, పోర్ట్‌లలో కిరోసిన్ పోసి కొన్ని నిమిషాలు ఆగండి. ఛాంబర్ వైపు తడి కనిపించిన వాల్వ్ సరిగ్గా కూర్చోవట్లేదు. ఒకటి రెండు చోట్ల చెమ్మ కనిపిస్తే ల్యాపింగ్‌తో (వాల్వ్‌ను, సీటును గరుకు పేస్టుతో కలిపి రుద్దడం) పోవచ్చు. ధారగా కారితే ఇక విప్పాల్సిందే. ఏళ్లపాటు ఆరుబయట పోర్ట్‌లు తెరిచి పడేసిన హెడ్‌ను మాత్రం విప్పకుండా ఎక్కించొద్దు. తెరిచి ఉన్న వాల్వ్‌ల కింద సీట్లు తుప్పు పట్టి ఉంటాయి.

రెండు హెడ్‌లు కలిపితే: ఏవి కలుస్తాయి, ఏవి కలవవు

ఓవర్‌హెడ్ క్యామ్ హెడ్‌లో క్యాప్‌లను హెడ్‌కు బిగించి, రెండింటినీ కలిపి ఒకేసారి బోర్ చేస్తారు. అందుకే ఆ క్యాప్‌లు ఆ హెడ్‌వే, ఆ స్థానాలవే, బాణం గుర్తు చూపిన దిక్కువే. వేరే హెడ్ క్యాప్‌లు బోల్టులతో సరిగ్గా కూర్చున్నట్టే కనిపిస్తాయి. క్యామ్ మాత్రం పట్టేస్తుంది, లేదా వదులై ఆయిల్ ప్రెషర్ పోతుంది. క్యాప్‌లు లేని హెడ్ ఎంత చవకగా ఇచ్చినా వద్దు. ఒక్క క్యాప్ తక్కువున్నా వద్దు.

క్యామ్‌షాఫ్ట్‌ను ఒక హెడ్ నుంచి ఇంకో హెడ్‌కు మార్చొచ్చు, జర్నల్ క్లియరెన్స్ కొలిస్తే సరి. దాంతోపాటు టాపెట్లు కూడా రావాలి, ఏ లోబ్ (క్యామ్ మీది ఉబ్బెత్తు) కిందది ఆ లోబ్ కిందే ఉండాలి. జారే రకం టాపెట్, లోబ్ ఒకదానికొకటి అరిగి కుదురుకుంటాయి. పాత టాపెట్లను కొత్త క్యామ్ కింద పెడితే కొత్త లోబ్‌ను తినేస్తాయి. పాత క్యామ్ మంచిగా ఉంటే దాని కింద కొత్త టాపెట్లు పెట్టడం పర్వాలేదు. రోలర్ రాకర్లున్న ఇంజిన్లలో ఈ పట్టింపు తక్కువ, రోలర్ బేరింగ్ వదులుగా లేకపోతే చాలు. లోబ్ మొన మీద గుంటలు పడి ఉంటే, గోరుకు అంచు తగిలితే ఆ క్యామ్ తీసుకోవద్దు.

వాల్వ్‌లు చక్కగా మారతాయి. స్టెమ్‌ను మైక్రోమీటర్‌తో రెండు చోట్ల కొలవండి: లాక్‌ల దగ్గర అరగని చోట, గైడ్‌లో ఆడే చోట. రెండింటి మధ్య తేడాయే అరుగుదల. గైడ్‌లో ఆట ఇన్‌టేక్‌కు దాదాపు 0.02 నుంచి 0.06 మి.మీ., ఎగ్జాస్ట్‌కు 0.03 నుంచి 0.08 మి.మీ. మధ్య ఉండటం మామూలు. గ్రైండింగ్ చేశాక తల అంచు మందం 1 మి.మీ. కంటే తగ్గిన ఎగ్జాస్ట్ వాల్వ్‌ను పక్కన పెట్టండి. సన్నటి అంచు ఎర్రగా కాలి, మంట అక్కణ్నుంచే కోసేస్తుంది. ఇన్‌టేక్ వాల్వ్‌లు పాతవి వాడటానికి నాకు ఏ సంకోచమూ లేదు. ఎగ్జాస్ట్ వాల్వ్‌లు ఎంత బాగున్నా, డబ్బు కుదిరితే కొత్తవే వేయమంటాను. వాటి మీద పడే వేడి అలాంటిది. కొన్ని ఇంజిన్లలో ఎగ్జాస్ట్ వాల్వ్ స్టెమ్ బోలుగా ఉండి లోపల సోడియం నింపి ఉంటుంది. అలాంటివాటిని కోయడం, పగలగొట్టడం చేయొద్దు. సోడియం నీటితో కలిస్తే మండుతుంది.

స్ప్రింగ్‌లను చూపుతో ఎంచలేం. నిలువుగా నిలబెట్టి మూలమట్టం ఆనిస్తే వంపు తెలుస్తుంది, పొడవు కొలిస్తే కుంగినవి తెలుస్తాయి. అసలు పరీక్ష మాత్రం బిగించే ఎత్తుకు నొక్కి ఎంత బలం చూపిస్తోందో కొలవడమే. లెక్క ప్రకారం ఉండాల్సిన బలంలో 10 శాతానికి మించి తగ్గితే పక్కన పెట్టండి. తుప్పు చుక్క ఉన్న స్ప్రింగ్ బలంగానే ఉండొచ్చు, అయినా విరిగేది ఆ చుక్క దగ్గరే. అది కూడా వద్దు.

గైడ్‌లను, సీట్లను ఒక హెడ్ నుంచి తీసి ఇంకో హెడ్‌లో వేయాలన్న ఆలోచనే వద్దు. అవి బిగుతుగా దించినవి, బయటకు తీస్తే పాడవుతాయి. కొత్త గైడ్ వేశాక సీటు తప్పనిసరిగా మళ్లీ కోయాలి, ఎందుకంటే సీటు కోసే పనిముట్టు గైడ్‌నే ఆధారంగా తీసుకుంటుంది. సీటు 45 డిగ్రీలు, పైన 30, కింద 60 అన్నది బాగా వాడుకలో ఉన్న పద్ధతి. వాల్వ్ ఆనే పట్టీ వెడల్పు ఇన్‌టేక్‌కు 1 నుంచి 1.5 మి.మీ., ఎగ్జాస్ట్‌కు 1.5 నుంచి 2 మి.మీ. ఎగ్జాస్ట్‌కు వెడల్పు ఎక్కువ ఎందుకంటే ఆ వాల్వ్ తల వేడిలో చాలా భాగం సీటు ద్వారానే హెడ్‌లోకి, అక్కణ్నుంచి కూలెంట్‌లోకి వెళ్తుంది. సన్నగా కోస్తే వాల్వ్ కాలుతుంది.

ఇలా సీటు కోసినకొద్దీ వాల్వ్ హెడ్‌లోకి దిగుతుంది, స్టెమ్ చివర క్యామ్ వైపు లేస్తుంది. దాంతో టాపెట్ క్లియరెన్స్ తగ్గుతుంది, స్ప్రింగ్ కూర్చునే ఎత్తు పెరిగి బలం పడిపోతుంది. మొదటిదానికి సన్నటి షిమ్ (ఖాళీ సరిచేసే లోహపు బిళ్ల), రెండోదానికి స్ప్రింగ్ కింద వాషర్ పెడతారు. అంతకంటే పల్చటి షిమ్ దొరకని స్థితి వచ్చిందంటే ఆ సీటును ఇదివరకే చాలాసార్లు కోశారన్నమాట. కొత్త సీటు దించాలి. పాత హెడ్ కొనేటప్పుడు వాల్వ్ తలలు ఛాంబర్‌లో ఎంత లోతుకు దిగి ఉన్నాయో చూడమనేది ఇందుకే.

సీసం కలిపిన పెట్రోలు కాలంలో తయారైన పాత క్యాస్ట్ ఐరన్ హెడ్‌లకు గట్టి సీట్లు ఉండేవి కావు, సీటును హెడ్ లోహంలోనే కోసేవారు. సీసం లేని పెట్రోలుతో గట్టిగా నడిపితే ఎగ్జాస్ట్ సీట్లు అరిగి లోపలికి కుంగుతాయి. అలాంటి హెడ్ ఎలాగూ విప్పారు కాబట్టి ఎగ్జాస్ట్ వైపు గట్టి సీట్లు వేయించేయండి.

ఫేసింగ్ ఎంత?

వంపు పోయేంత వరకే. మెరుపు కోసం ఇంకో కోత అడగొద్దు. 400 సీసీ సిలిండర్‌కు 10:1 కంప్రెషన్ ఉందంటే పైన మిగిలే ఖాళీ 44.4 సీసీ. ఛాంబర్ నోరు సుమారు 40 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే, 0.2 మి.మీ. కోస్తే 0.8 సీసీ తగ్గి కంప్రెషన్ 10.17 అవుతుంది. 0.5 మి.మీ. కోస్తే 2 సీసీ తగ్గి 10.4 దాటుతుంది. మొదటిది ఇంజిన్ పట్టించుకోదు, రెండోదానికి మామూలు పెట్రోలుతో నాకింగ్ రావొచ్చు. అంతేకాదు, వాల్వ్‌కు పిస్టన్‌కు మధ్య దూరం తగ్గుతుంది. ఓవర్‌హెడ్ క్యామ్ ఇంజిన్‌లో క్యామ్ క్రాంక్‌కు దగ్గరై టైమింగ్ కాస్త వెనక్కి జరుగుతుంది. వీ ఆకారపు ఇంజిన్లలో ఇన్‌టేక్ మానిఫోల్డ్ రంధ్రాలు కలవకుండా పోతాయి. స్క్రాప్ నుంచి తెచ్చిన హెడ్‌ను ఇదివరకే ఎంత కోశారో మీకు తెలియదు. అందుకే హెడ్ మొత్తం ఎత్తు కొలిచి, మాన్యువల్‌లో ఇచ్చిన కనీస ఎత్తుతో పోల్చండి. కొనేటప్పుడు జేబులో వెర్నియర్ ఉంటే అక్కడికక్కడే తేలిపోతుంది.

తలం నునుపు గ్యాస్కెట్ రకాన్ని బట్టి ఉండాలి. పలుచటి స్టీల్ పొరలతో చేసిన ఎంఎల్ఎస్ గ్యాస్కెట్‌కు చాలా నునుపు కావాలి, దాదాపు 0.8 మైక్రాన్ ఆర్ఏ (సగటు గరుకుదనం కొలత). పాత మెత్తటి కాంపోజిట్ గ్యాస్కెట్ అంతకంటే గరుకు తలాన్ని సర్దుకుంటుంది. ఏ గ్యాస్కెట్ వేస్తున్నారో చెప్పకుండా ఫేసింగ్‌కు ఇవ్వొద్దు. కింద బ్లాక్ తలం కూడా స్ట్రెయిట్ ఎడ్జ్‌తో చూడండి. హెడ్ ఒక్కదాన్నే తిన్నగా చేసి వంకర బ్లాక్ మీద బిగిస్తే మళ్లీ మొదటికే వస్తుంది.

డీజిల్ హెడ్‌ల లెక్క వేరు. చాలావాటికి ఫేసింగ్ చేయడానికే తయారీదారు ఒప్పుకోడు. ఒప్పుకున్నా వాల్వ్ లోతు, ప్రీ ఛాంబర్ ఎత్తు, ఇంజెక్టర్ మొన ఎంత బయటకు రావాలన్నవి కొలిచి సరిచేయాలి. గ్యాస్కెట్లు కూడా రెండు మూడు మందాల్లో వస్తాయి. పిస్టన్ బ్లాక్ పైకి ఎంత లేస్తుందో కొలిచి, గ్యాస్కెట్ అంచు మీద గాట్లు లేదా రంధ్రాలు లెక్కపెట్టి సరైనది ఎంచాలి. డీజిల్‌లో వంగిన హెడ్ చేతికొస్తే నేనైతే ఇంకో హెడ్ వెతకడానికే మొగ్గుతాను.

బేరం దగ్గర

పాత హెడ్ ధరను కొత్త హెడ్ ధరతో నేరుగా పోల్చకండి. పాత హెడ్ ధరకు ప్రెషర్ టెస్ట్, ఫేసింగ్, సీట్లు, గైడ్‌లు, ఎగ్జాస్ట్ వాల్వ్‌లు, మొత్తం లేత్ కూలీ కలిపి, కొత్త ఖాళీ హెడ్‌కు మీ వాల్వ్‌లు మార్చే కూలీ కలిపి, అప్పుడు పోల్చండి. ఆ రెండూ దగ్గర దగ్గరగా వస్తే కొత్త పోతకే వెళ్లండి, దానికి వేడి తిన్న చరిత్ర లేదు. బాగా తిరిగే మోడళ్లకు కొత్త హెడ్‌లు దొరుకుతాయి కాబట్టి స్క్రాప్ హెడ్ చాలాసార్లు లాభం కాదు. తయారీ ఆగిపోయిన మోడళ్లకు స్క్రాప్ హెడ్డే దిక్కు. అప్పుడు ఒకటికి రెండు కొనిపెట్టుకున్నా తప్పులేదు. కొనేటప్పుడు ఒక్క షరతు మాత్రం అడగండి: ప్రెషర్ టెస్ట్‌లో పోతే తిరిగి తీసుకుంటారా? ఒప్పుకున్న చోట కాస్త ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు.

ఏ దారిలో వెళ్లినా కొన్ని కొత్తవే వేయాలి: హెడ్ గ్యాస్కెట్, స్టెమ్ సీళ్లు, క్యామ్ సీళ్లు, తుప్పు పట్టిన వెల్చ్ ప్లగ్‌లు (నీళ్ల దారి రంధ్రాలను మూసే లోహపు మూతలు), టైమింగ్ బెల్ట్. హెడ్ బోల్టుల విషయంలో మాన్యువల్ చూడండి. ఇన్ని న్యూటన్ మీటర్లు బిగించి, ఆపై 90 డిగ్రీలు, మళ్లీ 90 డిగ్రీలు తిప్పమని ఉంటే అవి చాలావరకు సాగే రకం బోల్టులు. పొడవు కొలిచి వాడొచ్చని మాన్యువల్ స్పష్టంగా చెప్తే తప్ప వాటిని రెండోసారి బిగించొద్దు. స్క్రాప్ బండి నుంచి వచ్చిన బోల్టులనైతే అసలే వద్దు.

బిగించే ముందు బ్లాక్‌లోని బోల్టు రంధ్రాల్లో ఆయిల్, కూలెంట్ ఏమాత్రం లేకుండా గాలి కొట్టి, మరలు శుభ్రం చేయండి. అడుగు మూసి ఉన్న రంధ్రంలో ద్రవం ఉండగా బోల్టు దిగితే ఆ ఒత్తిడికి బ్లాక్ పగులుతుంది. టార్క్ కూడా తప్పు చూపిస్తుంది. మధ్య నుంచి బయటకు, మాన్యువల్ వరస ప్రకారం విడతలవారీగా బిగించండి. స్టార్ట్ చేసే ముందు క్రాంక్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి, టైమింగ్ గుర్తులు మళ్లీ కలిశాయో చూడండి. ఎక్కడైనా గట్టిగా తగిలితే ఆపేయండి, వాల్వ్ పిస్టన్‌ను తాకుతోంది. మొదటిసారి వేడెక్కి చల్లారాక కూలెంట్ మట్టం తగ్గితే నింపండి, గాలి బుడగ బయటకు వచ్చి ఉంటుంది. రెండోసారి, మూడోసారి కూడా తగ్గుతూనే ఉంటే బండిని దూరం తీసుకెళ్లకండి. కూలింగ్ సిస్టమ్‌కు ప్రెషర్ ఎక్కించి ఎక్కడ కారుతోందో అక్కడే చూడండి.